యూనిఫాం కాని వేషం ఒక్కటి ఇచ్చి చూడండి

తెలుగు సినిమా దర్శకులకు, కథా రచయితలకు, నటీనటుల ఎంపిక చూసే కో-డైరెక్టర్లకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా నాటకాలు ఆడిస్తున్నవాణ్ణి. సినిమాల్లో నాకు పనేమీ లేదు, వేషం కోసం అడగటమూ లేదు. కానీ నా దగ్గర రిహార్సల్స్ చేసి, మాట ఎక్కడ ఆపాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో నేర్చుకున్న పిల్లలు కొందరు మీ దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఒకడి సంగతి ముందు చెప్తాను. నా మనవి అందులోనే ఉంది.

ఇరవై ఆరేళ్ళ వయసులో అతను మా నాటకంలో డెబ్భై ఏళ్ళ తండ్రి వేషం కట్టాడు. పండక్కి వస్తానన్న కొడుకు రాకుండా మనియార్డర్ పంపిస్తాడు. ఆ సీనులో ముసలాయనకి మాటలు లేవు. కాగితం మడిచి జేబులో పెట్టుకోవాలి, అంతే. అతను మడిచి పెట్టుకున్నాడు. కాసేపాగి మళ్ళీ బయటికి తీశాడు, విప్పి చూశాడు, ఇంకోసారి మొదటి మడత మీదే మడిచాడు. అది నేను చెప్పింది కాదు, అతనికే తోచింది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు కూడా దగ్గటం మానేసి చూశారు.

తర్వాత సినిమాల్లోకి వెళ్ళాడు. మనిషి పొడగరి, మీసం కట్టు బాగుంటుంది. మొదటి వేషం కానిస్టేబుల్. యూనిఫాం చక్కగా సరిపోయింది. అదే అతని పాలిట శాపమైంది. పద్దెనిమిదేళ్ళుగా అతనికి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, యూనిఫాం వేషం ఒకటుంది, రెండు రోజుల పని." కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గర అతని నడుం కొలత రాసి ఉంటుంది. కానిస్టేబుల్ నుంచి ఎస్సై అయ్యాడు, ఎస్సై నుంచి సీఐ అయ్యాడు. "సార్, కారు దొరికింది సార్" అన్న డైలాగ్ ఎన్ని సినిమాల్లో చెప్పాడో అతనికే లెక్క లేదు.

పోయిన ఏడాది ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు. "గురువుగారూ, నాకు ఏడ్చే సీను వచ్చి పదకొండేళ్ళయింది. ఇప్పుడెవరైనా ఇస్తే చెయ్యగలనో లేదో అని భయంగా ఉంది." ఈ ఉత్తరం రాయాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఒక నటుణ్ణి ఒకే రకం పాత్రలో పదేపదే వాడుకోవటాన్ని మనం "ఆయనకి ఆ పాత్ర నప్పుతుంది" అన్న మాటతో సమర్థించుకుంటాం. నా అభ్యంతరం ఆ మాట మీదే. నప్పటం అనేది పాత్రకీ మనిషికీ మధ్య లోపలెక్కడో కుదిరే పొత్తు. మనం ఎక్కువసార్లు చూసేస్తున్నది అలవాటును. ఒకసారి చూశాం, బాగుంది, మళ్ళీ పిలిచాం. నాలుగోసారికి అతన్ని ఇంకోలా ఊహించే ఓపిక మనకి పోయింది. ఆ పోయిన ఓపికకే "నప్పటం" అని పేరు పెట్టుకున్నాం.

ఎస్వీ రంగారావు గారిని తీసుకోండి. 1951లో పాతాళ భైరవిలో నేపాళ మాంత్రికుడు. అప్పటికి ఆయనకి ముప్పై మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ గడ్డం, ఆ కళ్ళు, ఆ గొంతు చూసిన ఏ నిర్మాతైనా ఆయన్ని జీవితాంతం మాంత్రికుడిగానే ఉంచేసేవాడు. కానీ అదే విజయా సంస్థ నాలుగేళ్ళకి మిస్సమ్మలో ఆయన్ని మెత్తటి మనసున్న జమీందారుగా కూర్చోబెట్టింది. ఇంకో రెండేళ్ళకి మాయాబజార్‌లో ఘటోత్కచుడు. 1963లో నర్తనశాలలో కీచకుడు. ఈ నలుగురికీ ఒక పోలిక ఉంది. ఆయన నటనలో బరువు, దాని పక్కనే ఒక పసితనం ఉంటాయి. ఘటోత్కచుడు మనకి ముద్దొచ్చేది ఆ పసితనం వల్లే. కీచకుడిలో అదే పసితనం అదుపు తప్పిన ఆశగా మారి భయం పుట్టిస్తుంది. నప్పటం అంటే ఇది. గడ్డాన్ని దాటి ఆ లోపలి సరుకుని చూసిన కళ్ళు ఆ రోజుల్లో ఉన్నాయి.

అన్ని రోజుల్లోనూ ఉన్నాయని అనను. జేవీ సోమయాజులు గారి సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతూనే ఉంది. 1980లో శంకరాభరణం వచ్చేనాటికి ఆయన డిప్యూటీ కలెక్టర్. కె. విశ్వనాథ్ గారు ఆయన్ని శంకరశాస్త్రిగా నిలబెట్టారు, దేశమంతా నమస్కారం పెట్టింది. ఆ వెనకే వంశవృక్షం, సప్తపది, త్యాగయ్య. కళ్ళలో నిష్ఠ, నడకలో గాంభీర్యం. సినిమాకి సోమయాజులు గారంటే పూజ్యుడైన పెద్దమనిషి.

కానీ నాటకాల వాళ్ళకి ఆయన ఇంకో మనిషి. మాకు ఆయన కన్యాశుల్కంలో రామప్ప పంతులు. ఎత్తులు, పైఎత్తులు, పెద్దరికం మాటున దాచుకున్న కక్కుర్తి, మధురవాణి ముందు ఒక రకం, ఊళ్ళో వాళ్ళ ముందు ఇంకో రకం. ఆ పాత్రని ఆయన రంగస్థలం మీద ఏళ్ళ తరబడి పండించారు. సినిమాల్లోకి రాకముందు ఆయనకి పేరు తెచ్చిన పాత్రే అది. శంకరశాస్త్రి ఎంత నిజమో రామప్ప పంతులూ అంత నిజం. రెండూ ఒకే శరీరంలో ఉన్నాయి. కెమెరా ఒక్కదాన్నే చూసింది. ఆ చూపు చల్లని చూపే, గౌరవం నిండిన చూపే. అయినా అది తాళం వేసిన గదే. 2004లో ఆయన వెళ్ళిపోయారు. గుర్తుండిపోయే ఒక గొప్ప ధూర్త పాత్ర తెరమీద ఆయన చేతిలో పడి ఉంటే ఎలా ఉండేదో మనకిక తెలిసే దారి లేదు. ఒక నటుడిని మంచివాడిగా మూసలో పోసినా, చెడ్డవాడిగా పోసినా జరిగే నష్టం ఒకటేనని ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ముద్ర పడటం ఎప్పుడూ అన్యాయమే అనలేను. సూర్యకాంతం గారు గయ్యాళి అత్త తప్ప వేరే వేషాలే ఎక్కువ వేసి ఉంటే 1962లో గుండమ్మ మనకి దొరికేది కాదేమో. తెలుగువాళ్ళు ఆడపిల్లలకి సూర్యకాంతం అన్న పేరు పెట్టుకోవటానికే జంకారంటే ఆమె ఆ పాత్రని ఎంత నమ్మించారో చూడండి. ఆమెకి అది అలవాటై ఊరుకోలేదు, ప్రతి అత్తకీ ఒక కొత్త ఎడమచేతి వాటం, కొత్త విరుపు తెచ్చుకున్నారు. జమున గారికి సత్యభామ కూడా అంతే. వినాయక చవితిలో, శ్రీకృష్ణ తులాభారంలో ఆ జడ విసురు ఇంకొకరికి రాదు. అలాంటిచోట నప్పటమూ అలవాటూ ఒకటైపోయాయి, మనకి పండగైంది.

కానీ గుమ్మడి గారు? 1955లో అర్ధాంగిలో ఆయన అక్కినేని నాగేశ్వరరావు గారికి తండ్రి. నిజజీవితంలో నాగేశ్వరరావు గారి కంటే చిన్నవాడు. ముప్పై ఏళ్ళు నిండకుండానే తెరమీద జుట్టు నెరిసింది. ఆ వేషం అంత బాగా పండింది కాబట్టే ఇక ఆ తెల్లజుట్టు ఆయన్ని వదల్లేదు. 1962లో మహామంత్రి తిమ్మరుసు లాంటి నిండు పాత్ర ఆయనకి వచ్చింది, నిజమే. కానీ ఆయన యవ్వనం తెరమీద ఎక్కడుందో వెతుక్కోవాలి. మా కుర్రాడు ఇరవై ఆరేళ్ళకి డెబ్భై ఏళ్ళ తండ్రి వేసినప్పుడు నాకు గుమ్మడి గారే గుర్తొచ్చారు. ఇతనికైనా అలా కాకూడదనుకున్నాను. ఇతనికి ఆ తెల్లజుట్టు కూడా మిగల్లేదు.

దర్శకుడు తలుచుకుంటే ఎంతసేపట్లో మారుతుందో చెప్పటానికి కోట శ్రీనివాసరావు గారు చాలు. 1985లో టి. కృష్ణ గారి ప్రతిఘటనలో రాజకీయ నాయకుడు కాశయ్య. చూస్తేనే ఒళ్ళు మండేది. ఆ తర్వాత రెండేళ్ళకే, 1987లో, అహ నా పెళ్ళంటలో జంధ్యాల గారు అదే మనిషికి పాత పంచె కట్టి, ఎదురుగా కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి లక్ష్మీపతిని చేశారు. నిజానికి ఆ రెండు పాత్రల వెనకా ఉన్న లక్షణం ఒకటే: తన ఆశని సిగ్గుపడకుండా బయటపెట్టే మనిషి. కాశయ్యకి అది అధికారం మీద, లక్ష్మీపతికి పైసా మీద. జంధ్యాల గారు విలన్ మొహం చూడలేదు, ఆ మొహం లోపల ఆడే లెక్కని చూశారు. 2025లో కోట గారు పోయినప్పుడు జనం తలుచుకున్నవాటిలో భయపెట్టిన పాత్రలూ ఉన్నాయి, నవ్వించిన పాత్రలూ ఉన్నాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆయన సగమే.

నవ్వించేవాళ్ళకి ఇంకా కష్టం. హాస్యం పండించిన మనిషికి దుఃఖం ఇవ్వాలంటే మీరు వెనకాడతారు, హాల్లో జనం నవ్వేస్తారేమోనని. కానీ రాజేంద్రప్రసాద్ గారు 1991లో ఎర్రమందారం చేశారు, 2004లో ఆ నలుగురు చేశారు. రెండింటికీ నంది ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. ఆ నలుగురులో ఆయన కామెడీని పక్కన పెట్టి నటించారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎప్పుడు ఆగాలో, మాటకీ మాటకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో తెలియటమే కామెడీ టైమింగ్. ఆ సినిమాలో ఏడిపించింది కూడా ఆ ఖాళీలే. బ్రహ్మానందం గారికి అలాంటి అవకాశం రంగమార్తాండలో వచ్చేసరికి 2023 అయింది. కృష్ణవంశీ గారికి చేతులెత్తి దండం పెడతాను. అయితే ఆ పాత్ర చూసి ఇంటికొస్తుంటే నాకు ఆనందం కంటే దిగులే ఎక్కువ కలిగింది. ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది?

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన అలవాటుంది. సినిమా పేరు నటుడికి ఇంటిపేరు అయిపోతుంది. షావుకారు జానకి, సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్, ఆహుతి ప్రసాద్, అల్లరి నరేష్. ప్రేమతో పెట్టుకున్న పేర్లే, కాదనను. వాళ్ళలో కొందరు ఆ ఇంటిపేరుని దాటి వచ్చారు కూడా. ఆహుతి ప్రసాద్ గారు చందమామ సినిమాలో గోదావరి యాసతో ఎంత నవ్వించారో గుర్తుందా? నరేష్ పేరులోనే అల్లరి ఉంది. 2008లో గమ్యంలో గాలి శీనుగా అతను మన గుండె పిండేశాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం మళ్ళీ అదే కామెడీ. 2021లో నాందిలో చెయ్యని నేరానికి జైల్లో మగ్గే విచారణ ఖైదీగా కనిపిస్తే జనం కొత్త నటుణ్ణి చూసినట్టు చూశారు. గమ్యంలో చూసిందే కదా అది? ఒకసారి రుజువు చేసుకున్నా సరిపోదన్నమాట. పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ మొదటినుంచి రుజువు చేసుకోవాలి.

ఆడవాళ్ళ విషయానికొస్తే నాకు కోపమే వస్తుంది. మగ నటుడికి మూస పడటానికి ఒక హిట్టు కావాలి. ఆడవాళ్ళకి పెళ్ళయితే చాలు, లేదా ఓ పుట్టినరోజు దాటితే చాలు. నిన్నటి హీరోయిన్ ఇవాళ వదిన, రేపు అమ్మ. ఆ అమ్మకి ఒక పేరు కూడా రాయరు కొన్ని కథల్లో, "హీరో తల్లి" అని ఉంటుంది. మాయాబజార్‌లో సావిత్రి గారికి ఎలాంటి పని దొరికిందో గుర్తు చేసుకోండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు! సుకుమారమైన ఆడపిల్ల ఒంట్లోంచి రంగారావు గారి రాక్షస విలాసం బయటికి రావాలి. 1957లో ఒక హీరోయిన్‌ని అంత నమ్మారు. రమ్యకృష్ణ గారు 1995లో అమ్మోరు తల్లిగా చేసినదాంట్లోనే ఇరవై ఏళ్ళ తర్వాత బాహుబలిలో శివగామిగా చూపించిన తేజస్సు ఉంది. మధ్యలో ఆ తేజస్సుకి తగిన పాత్రలు ఎన్ని రాశాం?

అక్క పాత్రైతే చిన్నదనీ, అమ్మ పాత్రైతే చిన్నదనీ నా ఉద్దేశం కాదు. శరణ్య ప్రదీప్ 2017లో ఫిదాలో అక్క. 2024లో అంబాజీపేట మ్యారేజి బ్యాండులోనూ అక్కే. కానీ ఆ రెండో అక్కకి ఆత్మాభిమానం, కోపం, తెగింపు అన్నీ రాశారు. కథ బరువు సగం ఆమె భుజాల మీదే నడిచింది. కాబట్టి వరసని తప్పు పట్టకండి. ఆ వరస కింద ఒక మనిషిని రాశామా లేదా అన్నదే అసలు సంగతి.

యాసల మీద కూడా ముద్రలు వేశాం. ఎన్నో ఏళ్ళు తెలంగాణ మాట వినపడితే రౌడీ అన్నా కావాలి, నవ్వించేవాడన్నా కావాలి. ఉత్తరాంధ్ర యాసంటే పనివాడు, రాయలసీమ యాసంటే వేటకొడవలి. ఆ యాసలో పుట్టిన నటుడికి వేషం రాకముందే వేషం నిర్ణయమైపోయేది. ఫిదాలో భానుమతి పాత్ర, 2023లో బలగం ఊరు ఊరంతా ఆ గోడని పడగొట్టాయి. నటుడు ప్రియదర్శి సంగతి చూడండి. 2016లో పెళ్ళి చూపులులో తెలంగాణ యాసతో నవ్వించిన స్నేహితుడు. అక్కడే ఆపేసి ఉండొచ్చు మీరు. కానీ మల్లేశం వచ్చింది, బలగం వచ్చింది, 2025లో కోర్ట్ సినిమాలో నల్లకోటు వేసుకుని వాదించాడు. అదే గొంతు, అదే మనిషి. మారింది మీ ఊహ.

మీ ఇబ్బందులు నాకు తెలియవనుకోకండి. కోట్ల డబ్బు అప్పు తెచ్చి పెడుతున్న నిర్మాత "ఈయన చేస్తే గ్యారంటీ" అన్నప్పుడు కాదనటం కష్టం. రెండు రోజుల వేషం కోసం ఆడిషన్ పెట్టే టైం ఉండదు. రేపు పొద్దున్న ఆరింటికి సెట్లో సీఐ కావాలంటే, యూనిఫాం కొలత తెలిసినవాణ్ణే పిలుస్తారు. అటువైపు నటుడి పరిస్థితి కూడా అంతే. రోజు లెక్కన పనిచేసేవాడు "ఈ వేషం వద్దు, వేరేది ఇవ్వండి" అంటే ఇంకొకరికి ఫోన్ వెళ్తుంది. ఆ తర్వాత ఆర్నెల్లు ఇతనికి ఫోన్ రాదు. అందుకే అతను ఎప్పుడూ అడగడు. అతను అడగలేడు కాబట్టే నేను అడుగుతున్నాను.

రచయితలకి ముందుగా నా మనవి. పాత్ర గురించి రాసేటప్పుడు పక్కన బ్రాకెట్లో "ఫలానా ఆయన టైపు" అని రాయకండి. ఆ మూడు మాటలతో పాత్రా చచ్చిపోతుంది, నటుడూ చచ్చిపోతాడు. ఆ మనిషి దేనికి భయపడతాడు, ఎవరి ముందు తగ్గుతాడు, ఏం దాచుకున్నాడు, అది రాయండి. కానిస్టేబుల్ అయినా సరే. డ్యూటీకి వచ్చేముందు ఇంట్లో ఏదో జరిగే ఉంటుంది కదా అతనికి? దానికో సీను అక్కర్లేదు. ఒక్క వాక్యం రాసి నటుడికి చెప్పండి చాలు, "సార్, కారు దొరికింది సార్" అనే డైలాగ్ కూడా వేరేలా పలుకుతుంది.

దర్శకులకి: కొత్తవాళ్ళకే కాదు, మీకు బాగా తెలుసుననుకునే పాతవాళ్ళకి కూడా ఒకసారి ఆడిషన్ చెయ్యండి. వాళ్ళు ఎప్పుడూ చెయ్యని సీను ఇచ్చి చెయ్యమనండి. నవ్వించేవాడికి చావు కబురు చెప్పే సీను, విలన్‌కి కూతురి జడ వేసే సీను. పావుగంట పని. ఎవరూ చిన్నబుచ్చుకోరు, నా మాట నమ్మండి. చాలామంది ఆ పావుగంట కోసమే ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. పెద్ద పాత్రతో ప్రయోగం చెయ్యటం భయమైతే రెండు సీన్ల పాత్రతో చెయ్యండి. మీ సినిమాకి వచ్చే నష్టం ఏమీ లేదు.

కో-డైరెక్టర్లకి: మీ ఫోన్లలో నటుల పేర్లు ఎలా సేవ్ చేసుకున్నారో ఒకసారి చూడండి. పేరు పక్కన "పోలీస్", "డాక్టర్", "తాగుబోతు", "పూజారి" అని ఉంటే అవి తీసేసి, వాళ్ళు ఏ ఊరి నాటకాల నుంచి వచ్చారో, చివరిసారి ఏ సీన్లో మీకు బాగా అనిపించారో రాసుకోండి. తర్వాతి సినిమాకి పేర్లు వెతికేటప్పుడు ఆ రెండు ముక్కలే మీకు దారి చూపిస్తాయి.

ఇంకో సంగతి. అతన్ని నేను మళ్ళీ రిహార్సల్స్‌కి పిలిచాను. షూటింగ్ లేని సాయంత్రాలు వస్తున్నాడు. మేము ఇప్పుడు కన్యాశుల్కం తయారు చేస్తున్నాం. అతనిది రామప్ప పంతులు. మొదటి వారం గొంతు అస్సలు లేవలేదు. నిలబడితే అటెన్షన్‌లో నిలబడినట్టు ఉండేది, చేతులు రెండూ పక్కలకి అతుక్కుపోయేవి. ఇప్పుడిప్పుడే భుజాలు వదులవుతున్నాయి. మొన్న మధురవాణికి ఉత్తరం చదివి వినిపించే చోట పక్కకి తిరిగి ఒక చిన్న నవ్వు నవ్వాడు. అది కూడా నేను చెప్పింది కాదు.

ప్రదర్శన తేదీ ఖరారు కాగానే మీ సంఘాల ఆఫీసులకి కబురు పంపిస్తాను. ముందు వరసలో కొన్ని కుర్చీలు మీకోసం ఖాళీగా ఉంచుతాం. ఎవరు వచ్చినా సరే. నాటకం అయ్యాక అతను మేకప్ తీసేదాకా ఒక్క పది నిమిషాలు ఆగి, మాట్లాడి వెళ్ళండి.

ఇట్లు,
ఒక నాటకాల మాస్టారు